కట్టు కట్టిన కొమ్మలు

ఈల ఆగిపోయింది.

అత్త చెప్పబోయిన మాట నోట్లోనే ఉండిపోయింది. కోడలి చేతిలోని కొమ్మల కత్తెర గాలిలో నిలిచింది. రోడ్డుకి అవతల తెల్ల వ్యానుకి ఆనుకుని నిలబడే మనిషి ఈల వేస్తున్నంతసేపూ ఫరవాలేదు. ఈల ఆపాడంటే దేన్నో చూస్తున్నాడని అర్థం. అతను ఆ వ్యాను తెచ్చి అక్కడ పెట్టినప్పటి నుంచి ఆ ఇంటివాళ్లు నేర్చుకున్న పాఠం అది. పేరు తెలియదు కనక ఈలగాడు అని పెట్టుకున్నారు.

ఈలగాడు రోడ్డు దాటి గేటు దగ్గరికి వచ్చాడు.

"ఏం పెద్దమ్మా, మొదలెట్టేశారా? మా కుర్రాళ్లని పంపిస్తానంటే వద్దన్నారు. ఇద్దరాడవాళ్లు ఎక్కడ తిప్పలు పడతారు?"

"మా తిప్పలు మాకు అలవాటే బాబూ. పూత అయిపోగానే ఏటా మేమే కత్తిరించుకుంటాం," అంటూ అత్త గేటు వైపు నడిచింది. నడుస్తూనే వెనక్కి తిరిగి కోడలికేసి చూసింది. ఆ చూపులో ఏదో ఉంది. ఏమిటో కోడలికి అందలేదు.

వాళ్లు కత్తిరిస్తున్న తీగ జాజి. ఇంటి పక్కగోడని కింది నుంచి పైదాకా కప్పేసింది. ఏడాది పొడవునా ఆకు రాల్చదు. పూసే రోజుల్లో గోడ మీద తెల్ల దుప్పటి ఆరేసినట్టుంటుంది. వీధిలో ఎవరు దారి చెప్పినా 'జాజి ఇంటి పక్క సందు' అనే చెబుతారు. ఆ ఆకుల వెనక, మేడ మెట్ల మలుపు ఎత్తున, ఒక కిటికీ ఉంది. దాని మీదికి తీగ ఎప్పుడో పాకేసింది. అక్కడ కిటికీ ఉందన్న సంగతి ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. కిటికీ వెనక చిన్న గది. గదిలో ఆడపడుచు.

ఆడపడుచు డ్రైవరు. పెద్ద బిల్డరు దగ్గర కారు నడిపేది. ఒక సాయంత్రం తాగి ఉన్న బిల్డరు ఆమె చేతిలోంచి తాళాలు లాక్కుని తనే స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఆమె పక్క సీట్లో కూర్చుంది. మలుపులో రోడ్డు ఊడుస్తున్న మనిషిని కారు గుద్దేసింది. ఆ మనిషి అక్కడికక్కడే పోయాడు. ఇప్పుడు బిల్డరు ఇంకో డ్రైవర్ని తెచ్చి, 'నేనే నడిపాను' అని చెప్పడానికి నిలబెట్టాడు. కాదని చెప్పగలిగిన మనిషి ఒక్కతే. ఆమె సాక్ష్యం రేపు ఉదయం. రేపు ఆమె కోర్టులో కనబడకపోతే కేసు సరి. ఇవాళ వాళ్లకి కనబడితే ఆమె పని సరి.

'మర్యాదగా మాట్లాడి వెళ్దామని' వచ్చిన బిల్డరు మనుషులు ఇల్లంతా చూసి వెళ్లారు, మంచాల కిందతో సహా. మెట్ల మలుపులో గోడ పొడవునా నిలబెట్టిన గుడ్డ తానుల వెనక తలుపు ఉంటుందని వాళ్లకి తట్టలేదు. కోడలు కర్టెన్లు కుడుతుంది. ఆ ఇంట్లో తానులు లేని మూల లేదు. కోడలి మొగుడు చెల్లెల్ని కలవడానికి వెళ్తున్నవాడిలా పొరుగూరు బయల్దేరి, వాళ్లలో చాలామందిని తన వెనకే తిప్పుకుంటున్నాడు. ఇక్కడ మిగిలింది ఈలగాడు.

నిన్న సాయంత్రం ఆకు కదలని ఉక్క. భరించలేక ఆడపడుచు కిటికీ రెక్కని ఓరగా తీసింది. గుప్పెడు ఆకులు కదిలాయి. ఈల ఆగింది.

'మీ తీగలో ఏదో తిరుగుతోంది పెద్దమ్మా. పామేమో. మా కుర్రాళ్లని పిలిచి మొత్తం కొట్టించేస్తాను,' అన్నాడు వాడు.

వాళ్ల కత్తి పడటంకంటే మన కత్తెర పడటం నయమని అత్త అప్పటికప్పుడు తేల్చేసింది. పక్కలన్నీ పలచన చేయాలి. కిటికీ మీది ముసుగుని మాత్రం ముట్టుకోకూడదు. అదీ పథకం. అత్తకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువసేపు వంగి పని చేయలేదు. కాబట్టి కోత కోడలిది.

కోడలు మొదట్లోకి వంగి చూసింది. మణికట్టు లావు కాండాలు నేలలోంచి గుంపుగా లేచి, ఒకదాన్నొకటి జడలా పెనవేసుకుని పైకి పోయాయి. ఏది ఎక్కడికి వెళ్లిందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. కానీ మూడు కాండాలకి తెల్లటి గాజుగుడ్డ పట్టీలు కట్టి ఉన్నాయి. చక్కగా, చివరలు లోపలికి మడిచి. అత్త పని. అత్త ఆపరేషన్ గదిలో నర్సుగా చేసి రిటైరైంది. కట్టు కడితే అచ్చు పోసినట్టుంటుంది.

ఓహో, తెల్లారే లేచి గుర్తులు పెట్టేశారన్నమాట, అనుకుంది కోడలు. 'ముదురు కొమ్మ తీసేస్తేనే కొత్త చిగురుకి దారి' అని రాత్రి భోజనాల దగ్గర అత్త అననే అంది. ఈ మూడూ అన్నిటికంటే ముదురు.

కోడలి బల్ల మీద గుడ్డకి దారం ముడి వేశారంటే కత్తెర పడాల్సింది అక్కడే. గుర్తు లేనిచోట కత్తెర పెడితే తాను పాడైనట్టే. పెళ్లికి ముందు నుంచీ ఆ చేతులకి తెలిసిన చదువు అది. మరో ఆలోచన లేకుండా చేతి రంపం తీసి కట్టు కిందుగా ఒకటి, ఆ తర్వాత ఇంకొకటి, ఆ తర్వాత మూడోది కోసేసింది. పైనున్న తీగ ఎక్కడిదక్కడే ఉంది. ఒక్క ఆకు కూడా కిందపడలేదు. ఎంత తేలిగ్గా అయిపోయిందీ అనుకుని పక్క కొమ్మలు కత్తిరించడం మొదలుపెట్టింది.

ఈలగాడు అత్తతో ఎండల గురించీ పాముల గురించీ మాట్లాడి మాట్లాడి మళ్లీ వ్యాను దగ్గరికి పోయాడు. ఈల మొదలైంది. అత్త కుంటుకుంటూ వచ్చి కత్తిరించిన కొమ్మల కుప్ప వైపు చూసింది. తర్వాత మొదళ్ల వైపు చూసింది.

నర్సుగా ఎన్ని నెత్తుటి మడుగులు చూసినా పాలిపోని మొహం పాలిపోయింది.

"అమ్మాయ్," అంది పెదవులు కదపకుండా, "కట్లు కట్టినవి కోశావా?"

"కోశానండీ. మూడూ అయిపోయాయి."

"కిటికీ మీదికి పోయినవి అవే. వాటిని ముట్టుకోవద్దనే కట్టాను."

కోడలు ఆ మూడు కట్ల వైపు మళ్లీ చూసింది.

"కట్టు కట్టిన చోట ఎవరైనా కత్తి పెడతారుటే?"

"మా దగ్గర గుర్తు పెట్టిన చోటే పెడతామత్తయ్యా! ఒక్క మాట చెప్పొచ్చు కదా!"

"చెప్పబోతుంటేనే కదా ఆ యముడు దాపురించాడు! నవ్వు. నవ్వుతూ మాట్లాడు. వాడు చూస్తున్నాడు."

ఇద్దరూ నవ్వారు. దూరం నుంచి చూసేవాళ్లకి ఏదో వంట సంగతి మాట్లాడుకుంటున్నట్టే ఉంది.

"ఇంకా పచ్చగానే ఉన్నాయి కదండీ," అంది కోడలు ఆశగా.

"రక్తనాళం తెగిన చెయ్యి కూడా కాసేపు చెయ్యిలాగే కనబడుతుంది. ఎండ ఈ గోడ మీదికి తిరగనీ. తల వేలాడేస్తాయి. మిగతా గోడంతా నిగనిగలాడుతూ, నడిమధ్యన కిటికీ అంత మేర వాడిపోయి... సున్నంతో గీత గీసి 'ఇక్కడుంది చూసుకో నాయనా' అని మనమే చూపించినట్టు."

ఇద్దరూ కొమ్మలు ఏరుతున్నట్టు ఏరి, తాపీగా లోపలికి నడిచారు. గుమ్మం దాటగానే కోడలు వంటింట్లోకి పరుగెత్తి, కుళాయి తిప్పి ఆ చప్పుడులో కేసు వాదిస్తున్న లాయరుకి ఫోన్ చేసింది.

"సాక్షిని తీసుకెళ్లే పోలీసు బండి రేపు పొద్దున్నేనమ్మా. ఇవాళే కావాలంటే నా చేతుల్లో లేదు. ఎలాగోలా ఈ ఒక్క పూట నెట్టుకురండి," అన్నాడాయన.

"నీళ్లు కొడితే?" అంది కోడలు ఫోన్ పెట్టేసి.

"కోసిన వేలికి నీళ్లు తాగిస్తావా?"

"గోడ మీద కర్టెన్ గుడ్డలు ఆరేస్తే?"

"ఎన్నడూ లేంది ఇవాళే ఎందుకు ఆరేశావని వాడు అడగడూ? వాడికి కళ్లు లేకపోతే కదా."

కుళాయి కారుతోంది. కోడలు తన చేతుల కేసి చూసుకుంది. ఈ చేతులతోనే మనిషిని పట్టిచ్చేసినట్టయింది. కుట్టేటప్పుడు ఎన్ని పొరపాట్లు సర్దలేదూ! నూనె చుక్క పడిన తాను, ఇస్త్రీ కాలిన అంచు, రంగు దిగిన మడత. రంగు...

"అత్తయ్యా, లేత రంగు తాను మీద నడిమధ్యన మరక పడితే ఏం చేస్తామో తెలుసా?"

"ఇప్పుడు నీ కుట్టుపని కబుర్లు..."

"మరక పోదు. అందుకని తాను మొత్తాన్ని ముదురు రంగులో ముంచేస్తాం. మరక ఎక్కడుందో కుట్టినదానికి కూడా తెలియదు."

అత్తకి అర్థమైంది. అర్థమైందని మొహం చెప్పింది. స్టూలు లాక్కుని మెల్లగా కూర్చుంది. మొత్తం తీగ. ఆసుపత్రి వెనక గోడ దగ్గర తుంచిన చిన్న ముక్కని తడిగుడ్డలో చుట్టి తెచ్చి నాటింది. చీడ పట్టినప్పుడు ఆకు ఆకూ తుడిచింది. డ్యూటీ నుంచి ఎంత ఆలస్యంగా వచ్చినా దానికి నీళ్లు పోసి గాని తను మంచినీళ్లు తాగింది కాదు. అన్ని మొదళ్లూ కోసేస్తే గోడంతా ఒక్కలాగే వాడుతుంది. ఆకులు రాలడానికి రోజులు పడుతుంది. వాళ్లకి కావలసింది రేపు పొద్దుటిదాకా.

"ఊరికే ఎందుకు నరికేశారని వాడు అడిగితే?" అంది అత్త చివరికి.

"ఊరికే కాదు. మనం పోట్లాడుకుందాం. కోపంలో నరికేస్తాను."

అత్త ముక్కు ఎగబీల్చింది. "వీధి వీధంతా వినబడాలి. అంత గొంతుందా నీకు?"

"మీ కోడల్నండీ."

పైకి వెళ్లి, తానులు జరిపి, కోడలు చిన్న గదిలోకి దూరింది. ఆడపడుచు నేల మీద చాప పరుచుకుని, అన్నం కంచం ముందు పెట్టుకుని కూర్చుంది. తలమీద ఫ్యాను తిరుగుతోంది. సంగతంతా విని మెతుకు చేతిలో ఉండగానే నవ్వింది.

"అమ్మా నువ్వూ పోట్లాట నటిస్తారా వదినా? పాపం, ఎంత కష్టమో!"

"నవ్వులాట కాదే. కిటికీ వైపు రాకు. ఇదిగో నా స్కూటర్ తాళం, హెల్మెట్. గేటు దగ్గర వాడు లేని క్షణం దొరికిందంటే ఆలోచించకు. తిన్నగా నర్సుల హాస్టల్‌కి పో. వార్డెన్ అత్తయ్య శిష్యురాలే. ఆ గేటు మగ పురుగు దాటదు."

"దొరకకపోతే?"

కోడలు తానులు మళ్లీ నిలబెట్టి కిందికి దిగింది.

పోట్లాట అత్తే మొదలుపెట్టింది. తీగ దగ్గరికి వచ్చి, కోసిన మొదలు చేత్తో పట్టుకుని ఒక్క కేక పెట్టింది.

"చంపేశావు కదే! నిక్షేపంలాంటి తీగని చంపేశావు కదే!"

ఈల ఆగింది. పక్కింటి డాబా మీద బట్టలు ఆరేస్తున్నావిడ పిట్టగోడ మీదికి వాలింది.

"మూడు కొమ్మలకే ప్రాణం పోయినట్టు అరుస్తారేంటండీ?"

"ఏవి కోయాలో ఏవి కోయకూడదో తెలియనిదానివి రంపం ఎందుకు పట్టావు? అడ్డమైన గుడ్డలూ చింపే చెయ్యి కదా, అడ్డమూ నిలువూ ఒకటే దానికి!"

"ఆ చెయ్యి లేకపోతే ఈ ఇంట్లో పొయ్యి వెలగదు!"

"వెలిగిందిలే! హాలు నిండా నీ తానులే, మనిషి కూర్చోడానికి కుర్చీ ఖాళీ ఉంటేనా?"

"కుర్చీ ఖాళీ ఉందో లేదో నాకెలా తెలుస్తుంది? నేను కూర్చుంటే కదా! కూర్చునేలోపే 'అమ్మాయ్' అని కేక!"

"పోనిద్దురూ అక్కయ్యగారూ," అంది డాబా మీదావిడ, "తీగే కదా."

"తీగే కదా? తీగే కదా అంటున్నారండీ! మీ పిల్లాడు గోడ దూకి మా పూలు కోసుకెళ్లిన రోజు తీగే కదా అని నేనన్నానా?"

డాబా మీదావిడ తల లోపలికి లాక్కుంది. రోడ్డవతల ఈలగాడు ఫోన్ తీసి వీడియో పడుతున్నాడు. పళ్లు కనబడేలా నవ్వుతున్నాడు. ఇంకాస్త, అనుకుంది కోడలు.

"రోజూ పొద్దున్నే దానికి నీళ్లు పోస్తూ కబుర్లు చెబుతారు. పురుగు పట్టిందా తల్లీ, ఎండ తగిలిందా తల్లీ అని. ఒక్క రోజు, ఒక్క రోజైనా నాతో అలా మాట్లాడారా?"

ఆ మాట అనాలని కోడలు అనుకోలేదు. అత్త నోరు తెరిచి, ఏం అనాలో తోచక, ఒక్క క్షణం ఆగిపోయింది. పోట్లాట అక్కడే చచ్చిపోయేలా ఉంది. అంతలో అత్తే రంపం తీసి కోడలి కాళ్ల దగ్గర విసిరింది.

"అంత కడుపుమంటగా ఉంటే అన్నీ నరుకు! నరికి చల్లబడు!"

కోడలు వంగింది. మొదటి కాండం మీద పళ్లు పెట్టింది. పచ్చి చెక్క పొట్టు చేతుల మీద పడుతోంది. ఒకటి తర్వాత ఒకటి. చెమట కళ్లలోకి కారుతుంటే తుడుచుకోలేదు. వెనక అత్త ఏడుస్తోంది. అది నటన కాదని వీపుకే తెలుస్తోంది. చివరి కాండం తెగినప్పుడు గోడ మీది ఆకులన్నీ, ఏమీ జరగనట్టు, ఎండలో మెరుస్తూనే ఉన్నాయి.

ఎండ ఆ గోడ మీదికి తిరిగింది. ముందు లేత కొసలు వంగాయి. తర్వాత ఆకులు ముడుచుకుని, వెనకవైపు తిప్పి వేలాడాయి. కోడలు మిషన్ ముందు కూర్చుని కుట్టకుండా ఉత్తినే చక్రం తిప్పుతూ, మధ్యమధ్య లేచి హాలు కిటికీలోంచి మెడ చాచి గోడ కనబడినంత మేరా చూస్తోంది. చిన్న గది కిటికీ మీద ఎలా ఉందో పక్కన కూడా అలాగే ఉంది. పైన కూడా. ఎక్కడా గీత లేదు, మచ్చ లేదు. గోడంతా ఒకే జబ్బుతో మంచాన పడ్డట్టుంది.

"పని చేసిందండీ," అంది కోడలు గుసగుసగా.

అత్త చెవి రోడ్డు వైపు పెట్టింది.

ఈల లేదు.

గేటు గడియ చప్పుడైంది. ఇద్దరూ బయటికి వచ్చేసరికి ఈలగాడు తీగ కింద నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని పైకి చూస్తున్నాడు.

"నాకొక్కటి అర్థం కావట్లేదు పెద్దమ్మా. ఇంత నరికారు, ఇంత గోల చేశారు. పాము బయటికి రాలేదే?"

"భయపడి ఎటో పోయుంటుంది."

"నేను అక్కడే ఉన్నాగా. అది ఎటూ పోలేదు." గోడకి ఆనించి ఉన్న నిచ్చెనని ఎత్తి, సరిగ్గా తీగ మధ్యకి జరిపాడు. "చచ్చిన తీగ ఉంచితే పురుగు పడుతుంది. లాగి పారేస్తాను. ఊరికే సాయం, డబ్బులేం వద్దు. అక్కా, నిచ్చెన పట్టుకో."

వద్దంటే చాలు, వాడికి జవాబు దొరికినట్టే. అత్తాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గేటు దగ్గర ఇప్పుడు ఎవరూ లేరు.

"ఎండలో కష్టపడుతున్నావు బాబూ, మంచినీళ్లు తెస్తానుండు," అని అత్త మోకాళ్ల సంగతి మరిచిపోయినట్టు లోపలికి నడిచింది.

కోడలు నిచ్చెన పట్టుకుంది. వాడు ఎక్కుతూ చేతికందిన తీగనల్లా పీకి కింద పడేస్తున్నాడు. ఎండిన మట్టి, చీమలు, పాత పిట్టగూడు ఆమె నెత్తిమీద రాలాయి. లోపల తానులు పక్కకి జరిగిన చప్పుడు ఆమెకి గోడలోంచి వినబడింది. వాడికి వినబడకూడదు.

"మీరు ఈ పని ఎక్కడ నేర్చుకున్నారండీ?" అంది గట్టిగా.

"ఏ పని?"

"అదే, తీగలు లాగే పని. బాగా లాగుతున్నారు."

"చేతులుంటే చాలు అక్కా, నేర్చుకునేదేముంది..." అని ఆగాడు. "ఇక్కడ చెక్క తగులుతోందేంటి?"

కోడలు నిచ్చెనని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"చెక్కా?"

"కిటికీ ఉంది."

"అదా. పాతది. ఎప్పుడో మూసేశారు."

ముందు వైపు నుంచి స్కూటర్ కిక్కు కొట్టిన చప్పుడు వచ్చింది. ఇంజను దగ్గి ఆగిపోయింది.

"ఎవరది?"

"పక్కింటావిడ. ఆవిడ బండికి రోజూ ఇదే రోగం."

వాడు రెండు చేతులతో ఆకులు చీల్చి, కిటికీ రెక్కని లోపలికి నెట్టాడు. అది మెత్తగా తెరుచుకుంది. వాడు తల లోపల పెట్టి చూశాడు.

"అన్నం కంచం ఉంది," అన్నాడు నెమ్మదిగా. "ఫ్యాను తిరుగుతోంది."

రెండో కిక్కు. మళ్లీ దగ్గు.

ఈసారి వాడు ఏమీ అడగలేదు. విషయం మెదడుకి ఎక్కినట్టుంది. గేటు వైపు చూడటానికి నిచ్చెన మీద ఒక్కసారిగా వెనక్కి తిరిగాడు. కాలు మెట్టు మీంచి జారింది. పడకుండా ఉండటానికి రెండు చేతులా తీగని వాటేసుకున్నాడు.

నిన్నటి రోజున ఆ తీగ అలాంటి మనుషుల్ని ఇద్దర్ని మోసేది. ఇవాళ దానికి కింద కాళ్లు లేవు. గోడకి కొట్టిన మేకులు ఒక కొసనుంచి టపటపా ఊడాయి. కడ్డీ విరిగిన కర్టెన్‌లా తీగ మొత్తం పైనుంచి కిందికి ఒలుచుకుంటూ వచ్చింది. కోడలు నిచ్చెన వదిలి పక్కకి దూకింది. వాడు కొమ్మల కుప్ప మీద పడ్డాడు, వాడి మీద తీగంతా పడింది.

మూడో కిక్కుకి స్కూటర్ అందుకుంది. చప్పుడు వీధి చివరి దాకా పోయి, మలుపు తిరిగి, వినబడకుండా పోయింది.

ఆకుల కుప్ప బూతులు తిడుతూ కదిలింది. ఒక చెయ్యి, తర్వాత తల బయటికి వచ్చాయి. వాడు లేవడానికి మోచేతి మీద బరువు వేశాడు.

"కదలకు!"

ఆ గొంతు కోడలు ఎన్నడూ వినలేదు. పెద్ద పెద్ద డాక్టర్ల చేతులు ఆపిన గొంతు అది. అత్త మంచినీళ్ల గ్లాసు కింద పెట్టి వాడి పక్కన కూలబడి, భుజాలు రెండూ నేలకి అదిమింది.

"ముప్పావు మేడ ఎత్తు నుంచి పడ్డావు. లేచావంటే జన్మలో మళ్లీ లేవవు. కాలివేళ్లు కదుపు."

"కదులుతున్నాయి... వదలండి..."

"కదులుతున్నాయని నీకు అనిపిస్తుంది. వెన్నుపూస దెబ్బ తిన్నవాళ్లందరికీ మొదట అలాగే అనిపిస్తుంది. ఎంతమందిని చూడలేదూ నేను!"

వాడి మొహంలో రంగు మారింది. "నిజంగా?"

"నడుం దగ్గర చీమలు పాకినట్టుందా?"

చీమలు నిజంగానే పాకుతున్నాయి. తీగ నిండా చీమలే. "ఉంది," అన్నాడు వాడు.

"అమ్మాయ్, నీ ఇస్త్రీ బల్ల తీసుకురా. కర్టెన్ల పట్టీలు కూడా. బాబూ, మెడ తిప్పకు. ఆకాశం చూడు."

ఇద్దరూ కలిసి వాడిని ఇస్త్రీ బల్ల మీదికి దొర్లించారు. అత్త నుదురు, చేతులతో సహా ఛాతీ, నడుం, తొడలు, మడమలు వరసగా బిగించింది. ముడులు చక్కగా, చివరలు లోపలికి మడిచి. కుప్ప అడుగున ఎక్కడో ఫోన్ మోగడం మొదలైంది.

"నా ఫోను... మా సారు..."

"ముందు నడుం, తర్వాత సారు," అంది అత్త. "నువ్వు పడ్డ చప్పుడు వినగానే అంబులెన్సుకి ఫోన్ చేశాను. వాళ్లు వచ్చేదాకా మాట్లాడకూడదు. మాట్లాడితే వెన్నులో నీరు కారిపోతుంది."

ఫోన్ ఆగింది. మళ్లీ మోగింది. వాడు నోరు గట్టిగా మూసుకుని ఆకాశం కేసి చూస్తూ పడుకున్నాడు. కళ్ల కొసల్లోంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. కోడలికి ఒక పక్క నవ్వు, ఒక పక్క జాలి, ఈ రెండింటి కింద ఇంకా చల్లారని దడ.

కోడలి ఫోన్ ఇంకా మోగలేదు. హాస్టల్ దూరం కాదు. ఈపాటికి చేరాలి. దారిలో ఇంకెవరైనా ఉంటే? హెల్మెట్ ఉన్నా నడిపే తీరు గుర్తుపడితే? అంబులెన్సు వచ్చింది. ఎందుకైనా మంచిది, బల్లతో సహా తీసుకెళ్లండి, ఎక్స్‌రే తీసేదాకా ఒక్క కట్టు కూడా విప్పకండి అని అత్త వాళ్లకి అప్పగింతలు పెట్టింది. వాడి ఫోన్‌ని కుప్పలోంచి తీసి, దుమ్ము తుడిచి, వాడి చొక్కా జేబులోనే పెట్టింది. చేతులు బిగించి కట్టి ఉన్నాయి కనక దాన్ని వాడు అందుకోలేడు.

అంబులెన్సు కదిలాక గాని కోడలి ఫోన్ మోగలేదు.

"చేరాను వదినా. కిక్కు కొట్టి కొట్టి కాలు వాచిపోయింది. ఇంత దరిద్రపు బండి పెట్టుకుని ఎలా తిరుగుతున్నావే?"

కోడలు ఫోన్ అత్త చేతిలో పెట్టింది. అత్త రెండు చేతులతో అందుకుంది. కూతురు ఊపిరి పీల్చుకోవడం వింటూ చాలాసేపు అలాగే చెవి దగ్గర పెట్టుకుని నిలబడింది.

మర్నాడు ఉదయం కోర్టు హాల్లో బిల్డరు మొదటి వరసలో కూర్చున్నాడు. పక్కన, 'నేనే నడిపాను' అని చెప్పాల్సిన డ్రైవరు తల వంచుకుని ఉన్నాడు. బిల్డరు తలుపు కేసి చూస్తున్నాడు, ఫోన్ చూస్తున్నాడు, మళ్లీ తలుపు. అత్తాకోడళ్లు వెనక బెంచీ మీద ఒకరికొకరు ఆనుకుని కూర్చున్నారు. రోడ్డు ఊడ్చే మనిషి భార్య వాళ్లకి అటు చివర, ఎవరి వైపూ చూడకుండా కూర్చుంది.

తలుపు తెరుచుకుంది. ముందు పోలీసులు వచ్చారు. వాళ్ల వెనక, రాత్రి డ్యూటీ దిగి బట్టలైనా మార్చుకోని నర్సులు ఒక గుంపు. గుంపు మధ్యలో చేతిలో హెల్మెట్‌తో ఆడపడుచు.

బిల్డరు ఫోన్‌ని జేబులో పెట్టేశాడు.

ఆమెని బోనులో నిలబెట్టి ప్రమాణం చేయించారు. లాయరు లేచి నిలబడ్డాడు.

"ఆ సాయంత్రం కారు ఎవరు నడుపుతున్నారు?"

ఆమె ముందు వరస వైపు చూసింది.  వెనక బెంచీ మీద అత్త కోడలి చెయ్యి పట్టుకుంది, వేళ్లు నొప్పెట్టేంతగా. కోడలు ఆ చేతిని వదలలేదు.

ఆమె ఏదో అంది. ఎవరికీ వినబడలేదు.

"గట్టిగా చెప్పండి," అన్నారు న్యాయమూర్తి.

ఆమె చెయ్యెత్తి బిల్డరుని చూపించింది.

"ఆయనే నడిపారు," అంది. ఈసారి వరండాలో నిలబడ్డవాళ్లకి కూడా వినబడింది. "నేను పక్క సీట్లో ఉన్నాను. ఆపమన్నాను. ఆపలేదు."

రోడ్డు ఊడ్చే మనిషి భార్య మొదటిసారి తలెత్తింది.